ఆరో తరగతి పిల్లవాడు గుణించాల్సిన చోట కూడుతున్నాడు. ఇది వయసుతో పోతుందా?

గోదారిగట్టు
మా అబ్బాయి ఆరో తరగతి. ఎక్కాలు తడుముకోకుండా చెబుతాడు, భిన్నాల కూడికలు కూడా బాగానే చేస్తాడు. నిష్పత్తి పాఠం మొదలయ్యాక మాత్రం ఒక వింత చూస్తున్నాను. 4 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. పొడవు ఉన్న బొమ్మను ఆకారం చెడకుండా పెద్దది చేయాలి, కొత్త వెడల్పు 6 సెం.మీ. అయితే పొడవెంత అని అడిగాను. 8 అన్నాడు. "వెడల్పు రెండు పెరిగింది, పొడవూ రెండే పెరగాలి కదా" అని పూర్తి ధీమాతో చెప్పాడు. కొత్త వెడల్పును 8కి మార్చి అడిగితే పొడవు 12 అని సరిగ్గా చెప్పాడు! ట్యూషన్ మాస్టారు అడ్డ గుణకారం (రెండు భిన్నాల ఎదురు మూలల అంకెల్ని గుణించడం) వంద లెక్కలు చేయిస్తే దారిలో పడతాడంటున్నారు. చేయిస్తే చేస్తున్నాడు కూడా. పుస్తకం మూసి మాటల్లో అడిగితే మళ్లీ కూడికే. తెలివికి సంబంధించిన సమస్యా, వయసుతో పోయేదా, నేను ఏమైనా చేయాలా?

ర్యాంకుల_తండ్రి
మాస్టారు చెప్పింది నిజం. వంద చాలకపోతే రెండు వందలు చేయించండి. మా అమ్మాయికి అలాగే వచ్చింది. అర్థం కావడం అనేది చేతికి అలవాటు అయ్యాక దానంతట అదే వస్తుంది.

సుద్దముక్క
ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. గోదారిగట్టు గారూ, మీ అబ్బాయి చెప్పిన 8 ప్రతి సంవత్సరం ప్రతి తరగతిలో వినిపించే జవాబు. చక్కగా చదివే పిల్లలు కూడా చెబుతారు. అందులో ఒక తర్కం ఉంది: రెండు కొలతలూ "సమానంగా" పెరగాలి అని వాడికి తెలుసు. సమానంగా అంటే సమానమైన తేడా అనుకుంటున్నాడు, సమానమైన రెట్లు అని ఇంకా అనుకోవడం లేదు.

దాన్ని తప్పు అని కొట్టేయకుండా వాడి దారిలోనే ఇంకాస్త దూరం నడిపించండి. వెడల్పుకు 100, పొడవుకు 100 కలపమనండి. 104, 106. కాగితం మీద గీయమనండి. దాదాపు చతురస్రం వస్తుంది. మొదటి బొమ్మ నిలువుగా సన్నగా ఉంది కదా, ఇదేమిటి ఇలా అయింది అని వాడే అంటాడు. తర్వాత రెండింటి నుంచి మూడేసి తీసేయమనండి. 1, 3. ఈసారి బొమ్మ కర్రలా తయారవుతుంది. నేను ఎంత చెప్పినా కదలని పిల్లలు ఈ రెండు బొమ్మలు చూశాక కదిలారు.

బాలబోధ
విద్యా పరిశోధనలో ఉన్నాను, ఈ విషయం మీదే చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ ప్రశ్నలోని అంకెలు నాకు బాగా పరిచయం. అమెరికాలో బర్క్‌లీకి చెందిన రాబర్ట్ కార్ప్లస్ పిల్లలకు ఇచ్చిన పొట్టాయన, పొడుగాయన లెక్కలోనివి అవి. పొట్టాయన ఎత్తు బొత్తాలతో కొలిస్తే 4, పొడుగాయన 6. పొట్టాయనను కాగితాల క్లిప్పులతో కొలిస్తే 6 వచ్చాయి. పొడుగాయనకు ఎన్ని క్లిప్పులు? 9 రావాలి. ఎంతోమంది పిల్లలు 8 అన్నారు, మీ అబ్బాయి చెప్పిన కారణంతోనే. ఆయన భౌతిక శాస్త్రవేత్త. సైన్సు పాఠాలు పిల్లలకు ఎక్కడ అడ్డం తగులుతున్నాయో వెతుకుతూ ఇక్కడికి చేరాడు.

1970లలో ఇంగ్లండులో సెకండరీ పాఠశాల పిల్లలతో పెద్ద అధ్యయనం జరిగింది. అందులో నిష్పత్తి భాగాన్ని కాథ్లీన్ హార్ట్ చూశారు. ఫలితాలు 1981లో పుస్తకంగా వచ్చాయి. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో కూడా బొమ్మను పెద్దది చేసే ప్రశ్నకు కూడి జవాబు చెప్పినవాళ్లు చాలామంది. ఆరో తరగతి పిల్లవాడికి ఇది ఆలస్యం కానే కాదు.

వెడల్పు 8 అయితే ఎందుకు సరిగ్గా చెప్పాడంటే, 4 నుంచి 8 రెండింతలు. పిల్లలకు అన్నిటికంటే ముందు చిక్కేది రెండింతలు, సగం. 4 నుంచి 6 ఒకటిన్నర రెట్లు. రెట్లు పూర్ణాంకం కానప్పుడు పిల్లలు చేతిలో ఉన్న పాత పనిముట్టు పట్టుకుంటారు, అది కూడిక. ఒకే పిల్లవాడు ఒకే రోజున రెండు రకాలుగా ఆలోచించడం ఈ దశలో మామూలే.

గోదారిగట్టు
బాలబోధ గారూ, ఊపిరి పీల్చుకున్నాను. మరి వాడు వంద లెక్కలు సరిగ్గా చేస్తున్నాడు కదా, అది ఏమిటి?

బాలబోధ
అడ్డ గుణకారంలో ఎక్కడ ఏ అంకె పెట్టాలో తెలిస్తే చాలు, ఏది దేనితో కలిసి పెరుగుతుందో ఆలోచించాల్సిన పని లేదు. హార్ట్ అధ్యయనంలో నాకు బాగా గుర్తుండిపోయిన విషయం చెబుతాను. సరైన జవాబు రాసిన పిల్లల్లో కూడా బడిలో నేర్పిన సూత్రం వాడినవాళ్లు దాదాపు లేరు. ఎనిమిది మందికి సరిపడే ఉల్లిపాయ సూప్‌ కొలతలు ఇచ్చి ఆరుగురికి చేయమంటే, ముందు నలుగురికి సగం తీశారు, అందులో సగం ఇద్దరికి తీశారు, రెండూ కలిపారు.

చిట్టి_అమ్మమ్మ
దీనికి అధ్యయనం కావాలా? ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. పండగకు ఇంటి నిండా చుట్టాలు దిగినప్పుడు నేనెప్పుడూ గుణించలేదు. మా మనవరాలు రెండో తరగతి. మొన్న పక్కన నిలబడి ఒక గ్లాసు పప్పు, రెండు గ్లాసుల రవ్వ, మళ్లీ ఒక గ్లాసు పప్పు, రెండు గ్లాసుల రవ్వ అని జతలు జతలుగా పోసింది. నాలుగు జతలయ్యాక "పప్పు నాలుగు, రవ్వ ఎనిమిది అమ్మమ్మా" అంది. మధ్యలో ఒక గ్లాసు రవ్వ నేల మీద కూడా పోసింది, అది లెక్కలోకి రాదు.

బాలబోధ
అమ్మమ్మ గారూ, మీ మనవరాలు చేసింది చాలా విలువైన పని. ఒకటి-రెండు అనే జతను విడదీయకుండా ఒకే ముద్దగా పట్టుకుని పేర్చుకుంటూ పోయింది. కూడిక నుంచి రెట్లకు వెళ్లే పిల్లల్లో చాలామంది ఈ వంతెన మీదుగానే వెళతారు. ఆ పాప కూడుతోంది నిజమే, అయితే విడి అంకెల్ని కాదు, జతల్ని కూడుతోంది.

కొట్టుసామాను
మా కిరాణా కొట్టులో సహాయానికి ఉండే కుర్రాడు పదో తరగతి తప్పాడు. పప్పు కిలో 80 రూపాయలు, 350 గ్రాములు ఎంత అని అడగండి. పావు కిలో 20, వంద గ్రాములు 8, మొత్తం 28 అని నోటితో చెప్పేస్తాడు. కాగితం ఇచ్చి అదే రాయమంటే చెమటలు పడతాయి. ఇదేం విచిత్రమో మీలాంటి వాళ్లు చెప్పాలి.

బాలబోధ
కొట్టుసామాను గారు అడిగినదానికి బ్రెజిల్‌లో జవాబు వెతికారు. రెసీఫే నగరంలో తెరెజినా నూనెస్, అనలూసియా ష్లీమన్, డేవిడ్ కారహెర్ వీధుల్లో, సంతల్లో సరుకు అమ్మే అయిదుగురు పిల్లల దగ్గరికి కొనుగోలుదారుల్లా వెళ్లారు. ఆ పిల్లల వయసు 9 నుంచి 15. అధ్యయనం 1985లో ప్రచురితమైంది. కొబ్బరికాయ 35 క్రూజేరోలు (అప్పటి బ్రెజిల్ డబ్బు) అన్న పన్నెండేళ్ల పిల్లవాణ్ని పది కాయలు ఎంత అని అడిగారు. వాడు 35 పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి, 315, చివరికి 350 అని చేరాడు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 దాకా సరైన జవాబులు వచ్చాయి. అవే లెక్కల్ని తర్వాత బడి తరహాలో ఇచ్చారు. మాటల లెక్కలుగా ఇస్తే నూటికి 74కు, ఒట్టి అంకెలుగా ఇస్తే 37కు పడిపోయాయి.

మీ కుర్రాడికి లెక్క రాక కాదు. కాగితం మీద అది వాడికి వేరే లెక్క అయిపోతోంది.

ర్యాంకుల_తండ్రి
అంతా బాగుంది. పరీక్షలో కాగితమే ఇస్తారు, సంత పెట్టరు. కొబ్బరికాయలు మూడేసి కలుపుకుంటూ పోతే మూడు గంటలూ అక్కడే అయిపోతాయి. 17 పెన్నులు 289 రూపాయలైతే 23 పెన్నులు ఎంత అన్నదానికి జతలు పేర్చమంటారా?

సుద్దముక్క
మంచి ప్రశ్న. అక్కడ జతలు పేర్చడం పనికిరాదు, ఏకవస్తు పద్ధతి కావాలి. ఒక పెన్ను 17, 23 పెన్నులు 391. సూత్రం వద్దని నేనెప్పుడూ అనను. ఏ వరుసలో రావాలన్నదే నా పట్టుదల. ముందు జతలు, తర్వాత సగాలు-రెండింతలు, తర్వాత ఒక్కదానికి ఎంత, చివరికి సూత్రం. సూత్రాన్ని ముందు చెబితే మిగతా మూడూ పిల్లవాడు ఎప్పటికీ నేర్చుకోడు, నేర్చుకోనవసరం ఉందని కూడా తెలియదు.

పాతపుస్తకం
సుద్దముక్క గారి మాటకు అడ్డు వస్తున్నానని అనుకోవద్దు. త్రైరాశికం మన దగ్గర ఆర్యభటుడి కాలం నుంచి ఉంది, అంటే 499 నుంచి. మీ పెన్నుల లెక్కలో 17 పెన్నులు ప్రమాణం, 289 రూపాయలు ఫలం, 23 పెన్నులు ఇచ్ఛ. ఇచ్ఛను ఫలంతో గుణించు, ప్రమాణంతో భాగించు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తరతరాలు దీన్ని వల్లె వేసి నేర్చుకున్నారు, వ్యాపారాలు చేశారు, భూములు కొలిచారు. వల్లె వేయడాన్ని అంత తేలిగ్గా తీసేయకండి.

బాలబోధ
తీసేయడం లేదు. అయితే ఒకటి చూడండి. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు త్రైరాశికం చెప్పి ఆగలేదు, వెంటనే వ్యస్త త్రైరాశికం చెప్పాడు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గే చోట ఈ సూత్రం తిరగబడుతుందని హెచ్చరించాడు. అంటే ఏ లెక్క ఏ జాతిదో గుర్తుపట్టే పనిని శిష్యుడికే వదిలాడు. మన ట్యూషన్లలో వదిలేస్తున్నది సరిగ్గా ఆ గుర్తుపట్టే పనినే.

తట్ట_తాపీ
ఇళ్లు కట్టిస్తాను. ఇటుక గోడకు మామూలుగా 1:6 కలుపుతాం, తట్ట సిమెంటుకు ఆరు తట్టల ఇసుక. కొత్తగా వచ్చిన కుర్రాణ్ని మాలు ఎక్కువ కావాలి, రెండో తట్ట సిమెంటు వెయ్యి అంటే వేశాడు, వేసి ఇసుక కూడా ఒక్క తట్టే పెంచాడు. రెండుకు ఏడు! గోదారిగట్టు గారి అబ్బాయి కూడికే ఇది. సిమెంటు ఎక్కువైతే గట్టిదనమే కదా అనుకుంటారు, ఖర్చు సంగతి అలా ఉంచి, ఆరేటప్పుడు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఆ కుర్రాడి వయసు ఇరవై దాటింది. వయసుతో పోతుందన్న మాట నేను నమ్మను. చేయించాలి, చూపించాలి.

డల్లాస్_నాన్న
ఇక్కడ అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం కూడా నిష్పత్తి ఆరో తరగతిలోనే మొదలవుతుంది, అనుపాత సంబంధాలు, అంటే రెండు కొలతలూ ఒకే రెట్లలో పెరిగేవి, ఏడులో. మా పాప పుస్తకంలో సూత్రానికి ముందు పట్టికలు, రెండు సమాంతర సంఖ్యారేఖలు ఉన్నాయి. పై గీత మీద గ్లాసులు, కింది గీత మీద చెంచాలు, రెండూ ఒకేసారి ముందుకు జరుగుతాయి. నాకు చిన్నప్పుడు ఎవరూ ఇలా చూపించలేదు. నేను త్రైరాశికంతోనే ఇంజినీరును అయ్యాను, అయినా ఆ రెండు గీతలు చూస్తే ముచ్చటేసింది.

వెన్నెల_తల్లి
పదకొండేళ్లు దాటాక తప్ప పిల్లలకు నిష్పత్తి తలకెక్కదని పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే అన్నారని శిక్షణలో చదివాం. అలాంటప్పుడు రెండో తరగతి పాప ఇడ్లీ రవ్వ ఎలా లెక్క పెట్టింది?

బాలబోధ
పియాజే, ఆయనతో కలిసి పనిచేసిన ఇన్‌హెల్డర్ త్రాసు మీద బరువులు, దూరాలు ఇచ్చి చూశారు. బరువు ఎన్ని రెట్లు పెరిగితే దూరం అన్ని రెట్లు తగ్గాలి అని కారణంతో సహా చెప్పగలగడం కౌమారంలోనే కనబడింది. ఆ కొలబద్ద కఠినమైనది, కఠినమైన కొలబద్దకు వాళ్ల మాట ఇప్పటికీ చాలావరకు నిలుస్తుంది. క్విబెక్‌లో జెరాల్డ్ నోల్టింగ్ 1980లో నారింజ రసం, నీళ్ల గ్లాసులతో మెట్లు విడదీసి చూపించాడు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు ఒకే రుచి అని చెప్పడం ఎనిమిదేళ్ల ప్రాంతంలో వస్తుంది. మూడుకు అయిదు, అయిదుకు ఎనిమిది లాంటివి పోల్చడం పదిహేను దగ్గరికి వెళ్లినా ఆశ్చర్యం లేదు. మధ్యలో బోలెడు మెట్లు.

కొలబద్ద మారిస్తే కథ మారుతుంది. ఆరునెలల పసివాళ్లకు రెండు రకాల వస్తువులు నాలుగుకు ఒకటి చొప్పున ఉన్న బొమ్మలు వరుసగా చూపించి, తర్వాత రెండుకు ఒకటి చొప్పున చూపిస్తే తేడా పసిగట్టి ఎక్కువసేపు చూశారని మెక్‌క్రింక్, విన్ 2007లో చూపారు. మూడుకు ఒకటి, రెండుకు ఒకటి అయితే పసిగట్టలేదు. అంటే కంటికి మోటుగా తెలిసే నిష్పత్తి మాట రాకముందే ఉంది. స్పినిలో, బ్రయంట్ 1991లో ఆరేడేళ్ల పిల్లలకు "సగం" గొప్ప ఆసరా అని గమనించారు. ఒకటి సగం కంటే ఎక్కువ, మరొకటి తక్కువ అయితే పోల్చగలరు. రెండూ సగానికి ఒకే వైపున ఉంటే తికమక.

వెన్నెల_తల్లి
మరి ఆరునెలలకు ఉన్నది ఆరో తరగతిలో ఎక్కడికి పోయింది?

బాలబోధ
మీరు అసలు చోట వేలు పెట్టారు. బోయర్, లెవిన్, హుట్టెన్‌లోకర్ 2008లో చిన్న పిల్లలకు రసం, నీళ్లు నిలువు పట్టీలుగా చూపించారు. పట్టీలు గీతలు లేకుండా ఉంటే సరిపోలే మిశ్రమాన్ని బాగానే పట్టుకున్నారు. అవే పట్టీలను గడులుగా విడగొడితే తప్పారు, ఎందుకంటే గడులు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు గడులున్నదానికి మూడు గడులున్నదే జోడీ అన్నారు. బడిలో మొదటి సంవత్సరాలన్నీ మనం లెక్కపెట్టడం, కూడటం నేర్పుతాం. నేర్పాలి కూడా. ఆ కొత్త బలం ముందు పాత చూపు వెనక్కి తగ్గుతుంది. దాన్ని మళ్లీ పైకి తెచ్చి అంకెలతో కలపడమే నిష్పత్తి పాఠం చేయాల్సిన పని అని నా నమ్మకం.

గోదారిగట్టు
నిన్న సాయంత్రం నన్నారి షర్బత్‌తో అడిగి చూశాను. ఒక జగ్గులో రెండు గ్లాసుల నీళ్లకు ఒక గరిట పాకం, ఇంకో దానిలో ఆరు గ్లాసులకు అయిదు గరిటలు. ఏది చిక్కన? "రెండూ ఒకటే, రెండింట్లోనూ నీళ్లు ఒకటి ఎక్కువ" అన్నాడు. కలిపాక రంగు చూసి నోరు తెరిచాడు. తాగి చూసి, "మొదటి దాంట్లో ఒక గరిటకు రెండు గ్లాసులు పంచుకోవాలి, ఇక్కడ దాదాపు గ్లాసుకొక గరిట ఉంది" అన్నాడు. నేనేమీ చెప్పలేదు!

చిట్టి_అమ్మమ్మ
ఆరు గ్లాసులు ఎవరు తాగారు?

గోదారిగట్టు
వీధిలో పిల్లలందరూ అమ్మమ్మ గారూ. చిక్కటిదే అడిగారు.

రాత్రిడ్యూటీ
నర్సుని. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న మందు 150 మి.గ్రా. ఇవ్వాలి. శిక్షణలో నేర్పేది: కావలసినది భాగించు ఉన్నది, గుణించు ద్రవం. ఆ సూత్రం రాసి చూసుకుంటాం, ఇద్దరం సరిచూసుకుంటాం. అయినా తలలో నడిచేది మాత్రం "ఒక మి.లీ.కి 50, కాబట్టి మూడు మి.లీ." అనే. సూత్రంలో దశాంశ బిందువు పక్కకు జరిగి 30 మి.లీ. వస్తే, పసిబిడ్డకు ముప్పై మి.లీ. ఏమిటి అని ఆపేది ఆ రెండో ఆలోచనే. ర్యాంకుల_తండ్రి గారూ, పరీక్షలో ఒక మార్కు పోతుంది, వార్డులో అలా కాదు.

బాలబోధ
బ్రిటన్‌లో పిల్లల వార్డుల నర్సుల మీద హోయిల్స్, నాస్, పొజ్జీ 2001లో ప్రచురించిన పరిశోధనలో ఇదే కనిపించింది. నేర్చుకున్న సూత్రం ఒకటి, పని మీద వాడే ఆలోచన మరొకటి. ఆ ఆలోచన ఒక్కో మందు చుట్టూ, దాని ప్యాకింగు చుట్టూ అల్లుకుని ఉంటుంది.

ర్యాంకుల_తండ్రి
రాత్రిడ్యూటీ గారి మాట కాదనలేను. సరిచూసుకోవడానికి రెండో దారి ఉండాలి, ఒప్పుకుంటాను. అభ్యాసం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ రెండో దారి కూడా చేయగా చేయగానే వస్తుంది.

సుద్దముక్క
ఆ మాటకు నేనూ సరే. ఇక రెండో గొయ్యి గురించి చెబుతాను, ఎవరూ ఎత్తలేదు. గుణించడం వచ్చిన పిల్లలు ఆ తర్వాత అన్నిటినీ గుణిస్తారు. మూడు చొక్కాలు ఎండలో రెండు గంటల్లో ఆరితే ఆరు చొక్కాలు ఎన్ని గంటల్లో ఆరతాయి? ఏడో తరగతిలో సగం గొంతులు "నాలుగు" అంటాయి.

బాలబోధ
బెల్జియంలో వాన్ డూరెన్, డి బాక్, వెర్షాఫెల్ బృందం దీన్ని ఏళ్ల తరబడి చూసింది. రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అనుపాతం వర్తించని చోట్ల కూడా అనుపాతం వాడటం పెరుగుతూ పోయింది, తర్వాత తగ్గింది. అంటే కూడిక తప్పు తగ్గుతుంటే గుణకారం తప్పు పెరుగుతుంది. పెద్దలకూ తప్పదు. సూ, జూలీ ఒకే వేగంతో పరుగెత్తుతున్నారు, సూ ముందు మొదలుపెట్టింది. సూ 9 చుట్లు పూర్తిచేసేసరికి జూలీ 3. జూలీ 15 పూర్తిచేసేసరికి సూ ఎన్ని? అమెరికాలో ప్రాథమిక తరగతులకు ఉపాధ్యాయులు కాబోతున్న 33 మందిని అడిగితే 32 మంది 45 అన్నారు.

డల్లాస్_నాన్న
నేనూ 45 అనబోయాను. 21 కదా? తేడా ఆరు చుట్లు, అది మారదు.

సుద్దముక్క
అవును. మీ పాపకు ఇలాంటివి రెండు రకాలూ కలిపి ఇవ్వండి. నా తరగతిలో ఇప్పుడు జవాబు అడగను. ప్రశ్న చదివి కూడాలా, గుణించాలా, ఏమీ చేయకూడదా అని మాత్రమే అడుగుతాను. కారణం చెప్పాలి. పిల్లలు పోట్లాడుకుంటారు, ఆ పోట్లాటలో నేర్చుకున్నంతగా నా ఉపన్యాసంలో నేర్చుకోరు.

తట్ట_తాపీ
నలుగురు మేస్త్రీలు ఆరు రోజుల్లో కట్టే గోడ ఎనిమిది మంది మూడు రోజుల్లో కడతారు, ఇది తిరగబడే రకం. మరి నలభై ఎనిమిది మందిని పెడితే సగం రోజులోనా? తడి మాలు మీద వరస మీద వరస పేర్చుకుంటూ పోలేం, ఒకరి మోచేయి ఒకరికి తగులుతుంది. పుస్తకం ఈ మాట చెప్పదు.

సుద్దముక్క
రేపు తరగతిలో మీ గోడనే అడుగుతాను.

కొట్టుసామాను
మా కుర్రాడికి కూడా ఒకటి ఇవ్వండి. ఇద్దరం కలిసి చేస్తాం.

బాలబోధ
బెల్జియం వాళ్లదే ఒకటి. చతురస్రాకారపు పొలం, భుజం 200 మీటర్లు, ఎరువు చల్లడానికి రైతుకు సుమారు 8 గంటలు పట్టింది. భుజం 600 మీటర్లున్న చతురస్రాకారపు పొలానికి ఎన్ని గంటలు?

కొట్టుసామాను
కుర్రాడు 24 అన్నాడు. నేనూ 24 అన్నాను. మీరు అడిగారంటే కాదనే అనుకుంటున్నాం.

తట్ట_తాపీ
పెద్ద పొలంలో చిన్న పొలాలు ఎన్ని పడతాయో గీసి చూడండి. అడ్డంగా మూడు, నిలువుగా మూడు. టైల్స్ పరిచేవాళ్లకు ఇది రోజూ ఉండే లెక్క.

కొట్టుసామాను
తొమ్మిది. 72 గంటలు. కుర్రాడు సరుకు కట్టే కాగితం మీద గీశాడు, ఇప్పుడు 800 మీటర్లకు తనే వేస్తున్నాడు.